కార్ట్ రేసింగ్ మొదలుపెట్టాలంటే: అద్దె బండి నుంచి సొంత బండి దాకా

కార్ట్ రేసింగ్‌ను (అంటే పైకప్పు లేని చిన్న గో-కార్ట్ బండ్లతో ఆడే రేసింగ్‌ను) హాబీగా పెట్టుకుందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "సొంత కార్ట్ ఎంతకొస్తుంది?" అని. ఆ ప్రశ్నను ఓ ఆర్నెల్లు పక్కన పెట్టండి. మొదటి ఏడాది డబ్బు పెట్టాల్సింది బండి మీద కాదు, ల్యాపుల (ట్రాక్ చుట్టూ తిరిగే చుట్ల) మీద. నడపడం ఒంటబట్టకముందే లక్షలు పోసి రేసుల్లో వాడే బలమైన టూ-స్ట్రోక్ ఇంజిన్ కార్ట్ కొంటే రెండు పూటలకే ఒళ్లు హూనమవుతుంది, ఇంజిన్ సీజ్ అవుతుంది, బండి షెడ్డులో దుమ్ము పడుతుంది. అద్దె బండితో మొదలుపెట్టి, టైమింగ్ నిలకడకు వచ్చాక అద్దె రేసులు ఆడి, ఆ తర్వాత టూ-స్ట్రోక్ ఎక్కి, చివర్లో కొనడం సరైన వరుస.

ముందు బండి ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

కార్ట్‌కు సస్పెన్షన్ ఉండదు. మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కూడా ఉండదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో లోపలి చక్రం వెళ్లాల్సిన దూరం తక్కువ, బయటి చక్రానిది ఎక్కువ. రెండూ నేలకు ఆని ఉంటే ఒకదాన్నొకటి లాక్కుంటాయి, బండి తిరగనని మొరాయిస్తుంది. అందుకే ముందు చక్రాల కోణాన్ని ప్రత్యేకంగా అమరుస్తారు. స్టీరింగ్ తిప్పగానే లోపలివైపు ముందు చక్రం కిందికి నొక్కుతుంది, బయటివైపుది పైకి లేస్తుంది. ఫ్రేమ్ మెలిపడి లోపలివైపు వెనక చక్రం నేల మీంచి కొద్దిగా లేస్తుంది. అప్పుడే బండి మూడు చక్రాల మీద చులాగ్గా తిరుగుతుంది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం డ్రైవింగ్ అర్థమైనట్టే. స్టీరింగ్‌ను మెల్లమెల్లగా కొద్దికొద్దిగా తిప్పితే ఆ చక్రం లేవదు. మలుపు మొదట్లో ఒకే కదలికతో గట్టిగా తిప్పి, చక్రం లేచాక స్టీరింగ్‌ను వీలైనంత తగ్గించాలి. మధ్యలో లేచిన చక్రం మళ్లీ నేలకు తగిలితే ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఆ శబ్దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి, కోచ్ లేని రోజున అదే మీకు కోచ్.

ట్రాక్ ఎంచుకోవడం

అద్దె కార్ట్‌లలో ఎక్కువగా ఉండేవి హోండా జీఎక్స్ 200 లేదా జీఎక్స్ 270 తరహా ఫోర్-స్ట్రోక్ ఇంజిన్లు. మొదటిది దాదాపు ఆరు హార్స్‌పవర్, రెండోది ఎనిమిది, తొమ్మిది. వినడానికి తక్కువే, కానీ నేలకు అంగుళంన్నర ఎత్తులో కూర్చుని వెళ్తుంటే నేర్చుకోవడానికి కావలసినంత వేగం ఉంటుంది. మాల్స్‌లోని చిన్న ట్రాకుల కన్నా ఊరి బయటి తారు ట్రాక్ మేలు. పొడవాటి స్ట్రెయిట్ ఒకటి, దాని చివర గట్టిగా బ్రేక్ వేయాల్సిన మలుపు ఒకటి, హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) ఒకటి ఉంటే చాలు.

డబ్బు కట్టే ముందు ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ట్రాక్ అంచున టైర్లు విడివిడిగా పడేసి ఉన్నాయా, ఒకదానికొకటి కట్టి ఉన్నాయా? విడి టైరు దెబ్బకు ఎగిరొచ్చి మీదే పడొచ్చు. ఎవరైనా స్పిన్ అయితే (బండి గిర్రున తిరిగిపోతే) మార్షల్, అంటే ట్రాక్ మీద భద్రత చూసే మనిషి, పసుపు జెండా ఊపుతున్నాడా, ఫోన్ చూసుకుంటున్నాడా? వెనక ఇరుసు, చైన్, ఇంజిన్ మీద కవర్లు ఉన్నాయా? ప్రతి ల్యాప్ టైమింగ్ విడిగా కాగితం మీదో ఫోన్‌కో ఇస్తారా? చివరి ప్రశ్నకు జవాబు "లేదు" అయితే అది సరదాకు వెళ్లే చోటు, నేర్చుకునే చోటు కాదు.

తర్వాతి మెట్టులో రేసింగ్ ట్రాకులకు వెళ్లాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ కార్టింగ్ అరీనా ఉంది. తిరుపతి, నెల్లూరు వాళ్లకు హైదరాబాద్ కన్నా అదే దగ్గర. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే కూడా మోటార్‌స్పోర్ట్‌కు పేరున్న చోటే.

ఒంటి మీద ఏముండాలి

కార్ట్‌లో సీటు బెల్టు ఉండదు, అది పొరపాటు కాదు. పైకప్పు, రోల్ కేజ్ లేని బండి పల్టీ కొడితే మనిషి దానికి కట్టేసి ఉండటం కన్నా దూరంగా పడటమే నయం. కాబట్టి ఒంటి మీద వేసుకున్నదే రక్షణ.

జుట్టు గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల ప్రాణాలు పోయాయి. 2020లో హైదరాబాద్ శివారు ట్రాక్ మీద జుట్టు వెనక చక్రంలో చుట్టుకుని ఒక యువతి చనిపోయింది. ఇరుసు మీ వీపుకు జానెడు వెనక, నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంటుంది. పొడుగు జుట్టును జడవేసి, ముడిచి, బాలక్లావాలో (తలా మెడా కప్పే గుడ్డ ముసుగులో) దోపి, ఆ పైన హెల్మెట్ పెట్టి, చివర చొక్కా కాలర్ లోపలికి పోయేలా చూసుకోండి. ఊరికే రబ్బరు బ్యాండ్ పెడితే చాలదు. చున్నీ, స్కార్ఫ్, హుడీ తాళ్లు, వేలాడే ఐడీ కార్డు, ఏవీ వద్దు. మీతో వచ్చిన స్నేహితులకూ ఈ మాట చెప్పండి, ట్రాక్ వాళ్లు అడగకపోయినా సరే.

సొంతంగా కొనాల్సిన మొదటి వస్తువు హెల్మెట్. ముఖమంతా కప్పేదే కావాలి. స్నెల్ కె2020 అనేది హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ కార్టింగ్ కోసం పెట్టిన ప్రమాణం. అద్దె బండి దశలో మంచి ఈసీఈ 22.06 (యూరప్ హెల్మెట్ ప్రమాణం) ఫుల్-ఫేస్ బైక్ హెల్మెట్‌తో నడిచిపోతుంది గానీ రేసుకు వెళ్లేముందు ఆ పోటీ రూల్స్ చూసుకోండి.

రెండోది చాలామంది పట్టించుకోనిది: పక్కటెముకల ప్రొటెక్టర్. కార్టింగ్‌లో తరచూ తగిలే దెబ్బ గుద్దుకోవడం వల్ల కాదు, సీటు వల్ల. ఫైబర్ సీటు వదులుగా ఉంటే ప్రతి మలుపులో ఒళ్లు జరిగి పక్కటెముకలు సీటు అంచుకు కొట్టుకుంటాయి. సాయంత్రానికి నవ్వితే నొప్పి, వారానికి దగ్గితే నొప్పి. ఎముక చిట్లడం కూడా మామూలే. అద్దె బండిలో సీటు పెద్దదైతే ఫోమ్ ఇన్సర్ట్ అడిగి పెట్టించుకోండి.

గ్లవ్స్ లేకపోతే ట్రాక్ మీదికి వెళ్లే రెండో విడతకే, అంటే రెండో సెషన్‌కే అరచేతులు బొబ్బలెక్కుతాయి. పలుచని అడుగున్న, మడమ పైదాకా వచ్చే బూట్లు వేసుకోండి. మందపాటి రన్నింగ్ షూలో పెడల్ ఎంత నొక్కుతున్నారో పాదానికి తెలియదు. సూట్ టూ-స్ట్రోక్ దశలో తప్పనిసరి. కార్ట్ సూట్ ముఖ్యంగా రోడ్డు రాపిడిని తట్టుకోవడానికి తయారైంది, కార్ రేసింగ్ సూట్ మంటల కోసం. రెండూ ఒకటే అనుకుని సెకండ్‌హ్యాండ్‌లో కార్ సూట్ కొనకండి.

మొదటి పది సెషన్లు

కూర్చోవడం నుంచి మొదలుపెట్టండి. నడుము సీటు వెనక్కి పూర్తిగా ఆనాలి. పెడల్ చివరిదాకా నొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. చేతులు గడియారం ముళ్లు తొమ్మిదీ మూడూ చూపే చోట, మోచేతులు కాస్త వంచి. కుడికాలు యాక్సిలరేటర్‌కు, ఎడమకాలు బ్రేక్‌కు. రెండూ ఎప్పుడూ కలిపి నొక్కకండి, క్లచ్ కాలిపోతుంది.

మొదటి రెండు సెషన్లలో టైమింగ్ చూడొద్దు. ట్రాక్ వెడల్పంతా వాడటమే పని: బయటి అంచు నుంచి మలుపులోకి, లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు. కళ్లు ముందు చక్రం మీద కాదు, మీరు తర్వాత చేరాల్సిన చోట ఉండాలి. బ్రేక్ వేసేటప్పటికే లోపలి అంచును చూస్తుండాలి, దాన్ని తాకేలోపు బయటికి వెళ్లే చోటును చూస్తుండాలి.

మూడో సెషన్ నుంచి బ్రేక్. అద్దె కార్ట్‌కు బ్రేక్ వెనక ఇరుసుకే ఉంటుంది. స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు బ్రేక్ తొక్కడమంటే మలుపులో కారు హ్యాండ్‌బ్రేక్ లాగినట్టే, వెనక భాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. కాబట్టి బండి నిటారుగా వెళ్తున్నప్పుడే, ఒక్కసారిగా గట్టిగా తొక్కి, వదిలి, అప్పుడు తిప్పండి. ట్రాక్ పక్కన ఏదో ఒక గుర్తు పెట్టుకోండి, ఒక రంగు టైరో, తారు మీద అతుకో. ప్రతి ల్యాపూ అక్కడే తొక్కండి. మొదట ఆ గుర్తు మలుపుకు కాస్త దూరంగానే పెట్టుకుని, సెషన్‌కు అడుగు చొప్పున మలుపు వైపు జరపండి. మలుపు మధ్యకు వచ్చేసరికి బండి మరీ నెమ్మదైందనిపిస్తే బ్రేక్ ఎక్కువైనట్టు. అద్దె ఇంజిన్‌కు పోగొట్టుకున్న వేగం తిరిగి రావడానికి స్ట్రెయిట్ అంతా పడుతుంది, అందుకే ఇక్కడ అతి బ్రేకింగ్‌కు శిక్ష ఎక్కువ.

ఏ మలుపు మీద ఎక్కువ పని చేయాలి? పొడవైన స్ట్రెయిట్‌కు ముందున్న మలుపు మీద. అక్కడ బయటపడే వేగం స్ట్రెయిట్ చివరిదాకా మీతోనే వస్తుంది. ఆ మలుపులో లోపలి అంచును మామూలు కన్నా కొంచెం ఆలస్యంగా తాకండి. లోపలికి వెళ్లేటప్పుడు కాస్త నష్టపోయినట్టు అనిపిస్తుంది, కానీ యాక్సిలరేటర్ ముందుగా తొక్కగలుగుతారు, స్టీరింగ్ ముందుగా సరిచేయగలుగుతారు.

ఎక్కువగా కనిపించే తప్పులు:

- బైక్ మీద లాగా మలుపు లోపలికి ఒరగడం. కార్ట్‌లో ఇది లేవాల్సిన లోపలి చక్రం మీద బరువు పెడుతుంది. నిటారుగా కూర్చోండి, తల కూడా.
- ముందు చక్రాలు జారుతుంటే స్టీరింగ్ ఇంకా తిప్పడం. కొద్దిగా వెనక్కి తిప్పితేనే పట్టు దొరుకుతుంది.
- స్టీరింగ్‌ను ఉడుంపట్టు పట్టడం. పది నిమిషాలకు ముంజేతులు బిగుసుకుపోయి వేళ్లలో బలం ఉండదు. స్ట్రెయిట్ మీద పట్టు సడలించండి.
- మొదటి ల్యాపే దూకుడుగా వెళ్లడం. టైర్లు చల్లగా ఉంటే పట్టు ఉండదు, రెండు ల్యాపులు ఓపిక పట్టండి.

కాగితం చదవడం

సెషన్ అయ్యాక అందరూ బెస్ట్ ల్యాప్ చూసి సంబరపడతారు. మీరు మొత్తం వరుస చూడండి. 41.2, 43.0, 41.9, 44.1 అని ఉంటే ఆ 41.2 మీది కాదు, అదృష్టానిది. 42.1, 42.0, 42.3, 42.1 వచ్చినవాడు రేసులో మిమ్మల్ని దాటిపోతాడు. మూడో ల్యాప్ నుంచి చివరిదాకా ల్యాపులన్నీ అర సెకను తేడాలో వచ్చేదాకా అద్దె బండి వదలకండి. అది వచ్చాక ఒకే మలుపులో ఒకే మార్పు చేసి చూస్తే, ఆ మార్పు మంచిదో కాదో కాగితం నిజంగా చెబుతుంది. అంతకుముందు చెప్పలేదు.

అద్దె బండ్లన్నీ ఒకేలా ఉండవు, కాబట్టి బండి నంబరు కూడా రాసిపెట్టుకోండి. బరువూ లెక్కలోకి వస్తుంది. 60 కేజీల మనిషికీ 85 కేజీల మనిషికీ ఒకే బండిలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మీ టైమింగ్‌ను మీ పాత టైమింగ్‌తోనే పోల్చుకోండి. ఎండాకాలంలో తెల్లవారుజామునో సాయంత్రమో వెళ్లండి. సూట్, హెల్మెట్‌లో చెమట బాగా పోతుంది, నీళ్లతో పాటు ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో దగ్గర పెట్టుకోండి.

అద్దె రేసులు

చాలా ట్రాకులు అందరికీ అద్దె బండ్లే ఇచ్చి పోటీలు పెడతాయి. తక్కువ ఖర్చుతో రేసు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు.

జెండాలు కంఠతా రావాలి. పసుపు: ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించండి, ఎవర్నీ దాటొద్దు. ఎరుపు: రేసు ఆపేశారు. నీలం: వెనక వేగంగా వస్తున్నారు, దారివ్వండి. నలుపు మధ్య నారింజ చుక్క: మీ బండిలో లోపం ఉంది, ట్రాక్ పక్కన బండ్లు ఆపే పిట్‌లోకి రండి. పూర్తి నలుపు: మీమీద చర్య తీసుకున్నారు, పిట్‌లోకి రండి.

ఎదుటివాణ్ని దాటాలంటే స్ట్రెయిట్ చివర బ్రేకింగ్ దగ్గర లోపలివైపు వెళ్లడమే నమ్మకమైన దారి. అయితే అవతలివాడు స్టీరింగ్ తిప్పే సమయానికి మీ ముందు చక్రం కనీసం అతని సీటు పక్కకు చేరి ఉండాలి. చేరకపోతే ఆ మలుపు అతనిదే, వదిలేసి బయటికి వచ్చే వేగం మీద దృష్టి పెట్టండి. స్పిన్ అయితే బ్రేక్ గట్టిగా తొక్కి బండిని కదలకుండా ఉంచండి. వెనక్కి దొర్లే బండి ఎటు పోతుందో వెనకొచ్చేవాళ్లకు తెలియదు. బండి దిగకండి, చేయి పైకెత్తండి.

టూ-స్ట్రోక్‌లోకి

ఇక్కడ ఆట మారుతుంది. రోటాక్స్ కంపెనీ కార్ట్ రేసుల కోసం చేసే సీనియర్ మ్యాక్స్ 125 సీసీ ఇంజిన్ దాదాపు ముప్ఫై హార్స్‌పవర్ ఇస్తుంది. బండి, మనిషి కలిపి 160 కేజీల చుట్టూ ఉంటారు. టైర్ల పట్టు అద్దె బండితో పోలికే లేదు. మెడ, పక్కటెముకలు, ముంజేతులు మొదటిరోజే చేతులెత్తేస్తాయి. కొనకముందు అకాడమీల దగ్గరో టీముల దగ్గరో బండి, మెకానిక్, టైర్లు అన్నీ వాళ్లే చూసే ప్యాకేజీ మీద కనీసం నాలుగైదు రోజులు నడపండి.

జాతీయ స్థాయి పోటీకి దేశంలో మోటార్ రేసింగ్‌ను నడిపే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ కార్టింగ్ లైసెన్స్ కావాలి. దరఖాస్తుతో పాటు డాక్టరు ధ్రువపత్రం, మైనర్ అయితే తల్లిదండ్రుల అంగీకారం సిద్ధం చేసుకోండి. రోటాక్స్ పోటీ తరగతుల్లో పిల్లలు మైక్రోలో ఏడెనిమిదేళ్లకే మొదలుపెడతారు, తర్వాత మినీ, జూనియర్, పద్నాలుగు దాటాక సీనియర్. వయసు గీతలు మారుతుంటాయి, ఆ ఏడాది రూల్‌బుక్ చూడండి. ముప్ఫై ఏళ్లు దాటి మొదలుపెట్టేవాళ్లకు కూడా చోటుంది, పెద్దల కోసం విడి తరగతులు పెట్టే పోటీలున్నాయి.

పాత బండి కొనేటప్పుడు

బండిని పక్కకు ఒరగబెట్టి అడుగు చూడండి. గుండ్రని గొట్టాలు కర్బుల (ట్రాక్ అంచు గట్ల) మీద రాసుకుని చదునుగా అరిగిపోయి ఉంటే గొట్టం మందం తగ్గినట్టు. ఆ ఫ్రేమ్ వద్దు. సీటు కాళ్ల దగ్గర, ముందు చక్రాలు బిగించే చోట వెల్డింగ్ పక్కన సన్నని పగులు ఉందేమో టార్చ్ వేసి వెతకండి. పెయింట్ కొత్తగా వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. వెనక చక్రాలు గాల్లో తిప్పి ఇరుసు ఊగుతుందేమో చూడండి. రోటాక్స్ ఇంజిన్ అయితే ఇంజిన్ విప్పకుండా వేసే సీల్ నంబరూ లాగ్‌బుక్కూ సరిపోవాలి, ఎన్ని గంటలు నడిచిందో అందులో ఉంటుంది. దాదాపు 50 గంటలకు పిస్టన్ పని పడుతుంది కాబట్టి 45 గంటలు నడిచిన ఇంజిన్ చవగ్గా ఇస్తున్నారంటే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతున్నట్టే.

బండి ధర కన్నా తర్వాతి ఖర్చు లెక్కేసుకోండి: టైర్లు, చైన్లు, బ్రేక్ ప్యాడ్లు, ఇంజిన్ సర్వీస్, ట్రాక్ ఫీజు, రవాణా. విడిభాగాల పెట్టెలో స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై-రాడ్లు రెండు, ముందు చక్రం బిగించే స్పిండిల్ ఒకటి, చైన్, ప్లగ్గులు, బంపర్ క్లాంపులు ఉండాలి. వంగేవి, పాడయ్యేవి ఇవే.

బండి మీదే అయ్యాక, ప్రతిరోజూ

పెట్రోల్ కలపడం: రోటాక్స్‌కు 50కి 1. అంటే ఐదు లీటర్లకు వంద మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్. కొలత గ్లాసుతో పోయండి, అంచనాతో వద్దు. కలిపిన వెంటనే క్యాన్ మీద తేదీ రాయండి. ఆయిల్ కలపని పెట్రోల్ పోస్తే కొన్ని ల్యాపుల్లోనే పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ రోజుకు కావలసినంతే కలపండి, ఇంటికి వెళ్లేముందు కార్బ్యురేటర్ ఖాళీ చేయండి.

జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ ఎంత పోవాలో నిర్ణయించే రంధ్రమున్న చిన్న ముక్క): ఎండకు గాలి పలుచనవుతుంది, అందుకే మధ్యాహ్నం చిన్న మెయిన్ జెట్ వేస్తారు. దాన్ని అలాగే వదిలేసి మర్నాడు పొద్దున్న చల్లగాలిలో స్టార్ట్ చేస్తే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అవుతుంది. ఇంజిన్ మొదట బ్రహ్మాండంగా లాగుతుంది, తర్వాత స్ట్రెయిట్ చివర సీజ్ అవుతుంది. పొద్దున్న పెద్ద జెట్‌తో మొదలుపెట్టి కిందికి రండి. రేడియేటర్‌లో మామూలు నీళ్లే పోయండి, కూలెంట్ ట్రాక్ మీద కారితే జారుడు కాబట్టి చాలా రూల్‌బుక్‌లు ఒప్పుకోవు. నీళ్లు 45 డిగ్రీలకు చేరేదాకా పూర్తి యాక్సిలరేటర్ వద్దు.

టైర్ల గాలి: నాలుగూ నీడలో పెట్టి చల్లగా ఉన్నప్పుడు కొలవండి. ఒకవైపు ఎండ తగిలితే అటు గాలి పెరిగి రీడింగ్ తప్పవుతుంది, ఆ తప్పుతో సరిచేస్తే ట్రాక్ మీద బండి ఒకవైపు మలుపుల్లో ఒకలా, మరోవైపు ఇంకోలా తిరుగుతుంది. చల్లగా 11 పీఎస్ఐ పెట్టి బయల్దేరితే తిరిగొచ్చేసరికి 14 దాకా చేరొచ్చు. రాగానే మళ్లీ కొలిచి రెండూ రాసుకోండి. సెషన్ చివర బండి జారుడెక్కుతుంటే గాలి అర పీఎస్ఐ తగ్గించండి, మొదట్లో పట్టు ఆలస్యంగా వస్తుంటే అర పెంచండి. మొదటి సీజన్‌కు ఈ ఒక్క సెట్టింగ్ చాలు, ఇరుసులు మార్చే జోలికి పోకండి.

చైన్ మధ్యలో వేలితో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. సెషన్ నుంచి వచ్చాక వెచ్చగా ఉన్నప్పుడే లూబ్ కొట్టండి. గేరింగ్ విషయంలో, చైన్ తిరిగే పళ్ల చక్రాల్లో ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను మార్చడం వెనక ఆరేడు పళ్లు మార్చడంతో సమానం, కాబట్టి సర్దుబాటంతా వెనకే చేసుకోండి. వెనక పళ్లు పెంచితే మలుపుల నుంచి లాగుడు పెరుగుతుంది, స్ట్రెయిట్ చివర వేగం తగ్గుతుంది. బ్రేక్ పెడల్ పిన్, స్టీరింగ్ బోల్టు, చక్రాల నట్లు, సీటు బోల్టులు ప్రతి సెషన్‌కూ ముందు స్పానర్‌తో తాకి చూడండి. సస్పెన్షన్ లేని బండి అదురుకు అన్నీ వదులవుతాయి.

మొదటి రేసు రోజు

స్క్రూటినీకి (రేసుకు ముందు జరిగే తనిఖీకి) బండి శుభ్రంగా, సూట్, హెల్మెట్, గ్లవ్స్ చేతిలో పట్టుకుని వెళ్లండి, వాటినీ తనిఖీ చేస్తారు. ముందురోజే సూట్, హెల్మెట్‌తో సహా బండిని తూకం మీదికి ఎక్కించండి. తరగతికి పెట్టిన కనీస బరువు కన్నా తక్కువైతే సీసం పలకలు సీటుకు బోల్టుతో బిగించాలి, జేబులో పెట్టుకోవడం చెల్లదు. కనీస బరువు కన్నా ఓ కేజీ పైన ఉంచుకోండి, రేసులో పెట్రోలూ చెమటా రెండూ తగ్గుతాయి. రేసు ముగిసిందని చెప్పే చెకర్డ్ జెండా పడ్డాక నేరుగా తూకం దగ్గరికే వెళ్లాలి. అక్కడ లెక్క తేలేదాకా హెల్మెట్, గ్లవ్స్, పక్కటెముకల ప్రొటెక్టర్ ఏదీ తీసి ఎవరి చేతికీ ఇవ్వకండి, నీళ్ల సీసా అందుకోకండి, మీ మెకానిక్‌ను బండి ముట్టుకోనివ్వకండి.